ఉమ్మడి పొయ్యి, వేరు కుంపటి: తెనాలి ప్రాంత వామపక్ష చరిత్రలో ఐక్యతా చర్చ – సాహిత్య విమర్శ దృష్టి

ఉపోద్ఘాతం

భావసారూప్యం ఉన్న చిన్న సోషలిస్టు పక్షాలు ఒక్కటి కావాలా, సూత్రం కోసం విడివిడిగానే ఉండాలా అన్న ప్రశ్న పైకి రాజనీతిశాస్త్రానికి చెందినదిగా కనిపిస్తుంది. తెలుగు సాహిత్య చరిత్రకారుడు మాత్రం దాన్ని తప్పించుకోలేడు. అభ్యుదయ, విప్లవ, దళిత సాహిత్యాలను మనం సంఘాల పేర్లతో, అవి పుట్టిన సంవత్సరాలతో గుర్తుపెట్టుకుంటున్నాం. రచయిత ఏ సంఘంలో చేరాడు, ఎప్పుడు బయటికి వచ్చాడు అన్న సంగతి అతని రచనల విలువ కట్టే చోట కూడా తలదూరుస్తోంది. అందుకు మనం వాడే మాటలు గమనించదగినవి. విడిపోయినవాడు ‘వేరు కుంపటి పెట్టాడు’ అంటాం. మిగిలినవాళ్లు ‘పంపకాల్లో’ ఏం దక్కించుకున్నారో లెక్క కడతాం. ఇవన్నీ ఉమ్మడి కుటుంబపు మాటలు. ఉమ్మడి కుటుంబంలో మొదటి నింద వేరుపడినవాడి మీదే పడుతుంది. ఉమ్మడి పొయ్యి మీద వండినది ఎవరి విస్తట్లో ఎంత పడిందని అడిగేవారు తక్కువ.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం తగిన క్షేత్రం. 1943, 1964, 1985 సంవత్సరాలలో తెనాలిలో మూడు సభలు జరిగాయి. మొదటిది కలయిక కోసం, రెండవది చీలిక దిశగా, మూడవది ప్రత్యేక అస్తిత్వం కోసం. ఈ మూడింటినీ, వాటి నడుమ జరిగిన మరి రెండు పరిణామాలనూ కలిపి చదివితే ఒక సంగతి స్పష్టపడుతుంది. కలయికనైనా వేర్పాటునైనా సభ్యుల సంఖ్యతో తూచలేం. కలిసినప్పుడు ఏ మాట మౌనంలో పడింది, విడిపోయినప్పుడు ఏ మాట కొత్తగా పలికింది అన్నవే సరైన కొలమానాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1943: కనీస అంగీకారం మీద కలయిక

1936లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిల భారత అభ్యుదయ రచయితల మహాసభ జరిగింది. ఏడేళ్ల తరువాత, 1943 ఫిబ్రవరిలో, తెనాలిలో ఆంధ్ర అభ్యుదయ రచయితల సంఘం ప్రథమ మహాసభ జరిగింది. ‘జనవాణి’ సంపాదకుడిగా పేరొందిన తాపీ ధర్మారావు దానికి అధ్యక్షత వహించారు. ఫాసిజాన్ని ఎదిరించడం, స్వాతంత్ర్యాన్ని కోరడం, సాహిత్యాన్ని ప్రజాజీవితం వైపు తిప్పడం అన్న కొద్దిపాటి అంగీకారం మీద వివిధ ధోరణుల రచయితలు ఒక చోట చేరగలిగారు. కనీస అంగీకారమే ఈ కలయికకు బలం. పద్యం రాసేవారికీ, వచన కవిత్వం వైపు నడిచేవారికీ అందులో చోటు దొరికింది.

దాని బలహీనత కూడా అక్కడే ఉంది. సంఘం విశాలమైనదే అయినా దాని నాడి పార్టీ నాడితో కలిసి కొట్టుకుంది. 1948 తరువాత పార్టీపై నిర్బంధం, 1955 ఎన్నికల్లో ఓటమి సంఘాన్ని కూడా కుంగదీశాయి. సభ్యత్వం విశాలంగా ఉండి నిర్ణయాధికారం ఇరుకుగా ఉంటే ఆ ఐక్యత అతిథులతో నిండిన ఇల్లు వంటిది. ఇంటివారికి కష్టం వచ్చిన రోజున అతిథులు తమ దారిన తాము వెళ్లిపోతారు.

రాయిస్టులు: విడిగా నిలిచినవారి నవల

అదే కాలంలో అదే తెనాలిలో మరో చిన్న బృందం పనిచేసింది. ఎం.ఎన్.రాయ్‌ను 1929లో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ బహిష్కరించింది. 1940లో ఆయన స్థాపించిన రాడికల్ డెమోక్రటిక్ పార్టీకి ఈ ప్రాంతంలో గట్టి అనుచరులు ఏర్పడ్డారు. న్యాయవాది ఆవుల గోపాలకృష్ణమూర్తి వారిలో ముఖ్యుడు. త్రిపురనేని గోపీచంద్ ఆ పార్టీ ఆంధ్ర శాఖకు కార్యదర్శిగా పనిచేశారు. 1941 జూన్‌లో సోవియట్ యూనియన్‌పై జర్మనీ దాడి చేశాక యుద్ధం విషయంలో కమ్యూనిస్టులూ రాయిస్టులూ దాదాపు ఒకే వైఖరికి వచ్చారు. అయినా కలవలేదు. వ్యక్తి స్వేచ్ఛకూ పార్టీ క్రమశిక్షణకూ ఉన్న సంబంధం దగ్గర దారులు వేరయ్యాయి. రాయిస్టులు ఆ తర్కాన్ని చివరిదాకా నడిపి, పార్టీ అన్న రూపమే అధికార కేంద్రీకరణకు దారితీస్తుందని తేల్చి, 1948 డిసెంబరులో తమ పార్టీని తామే రద్దు చేసుకున్నారు. చిన్న పక్షాల ముందు కలయిక, విడిగా ఉండడం అన్న రెండు దారులే ఉంటాయనుకుంటాం. వీరు మూడవది ఎంచుకున్నారు.

ఆ పార్టీ ఇంకా బతికి ఉన్న రోజుల్లోనే గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ రాశారు. విమర్శకులు దీన్ని తెలుగులో మనోవైజ్ఞానిక నవలకు ఆద్యంగా పేర్కొంటూ సీతారామారావు మానసిక స్థితిమీదనే దృష్టి నిలిపారు. ఐక్యతా చర్చ వెలుగులో చదివితే మరో పార్శ్వం కనబడుతుంది. వంశప్రతిష్ఠ నిలబెడతానని తండ్రికి ఇచ్చిన మాటకు కట్టుబడి సీతారామారావు ఆస్తి కరిగించుకుంటాడు. అంటే ఉమ్మడితనం పేరిట తనను తాను ఖర్చుచేసుకుంటాడు. ఆ ప్రతిష్ఠ డొల్ల అని తెలిశాక ప్రతి బంధాన్నీ తర్కంతో తోసిపుచ్చుతాడు. అతని వాదాలను విడివిడిగా తీసుకుంటే చాలావాటికి బదులు చెప్పడం కష్టం. కానీ వాటన్నిటినీ మోసుకుని నడిచే మనిషికి ఏ ఒక్కరితోనూ కలిసి బతికే చోటు మిగలదు. అతని అంతం శ్మశానంలో జరగడం యాదృచ్ఛికం కాదు. విడిగా నిలవడమే సూత్రమని నమ్మిన శిబిరంలోని రచయిత, ఆ విడితనపు ప్రమాదాన్ని ప్రత్యర్థులెవరికన్నా కఠినంగా చూపాడు. ఈ నవలను రాయిస్టు భావజాల ప్రచారంగానో, ఆ భావజాలం నుంచి పారిపోవడంగానో చదివే పఠనాలు రెండూ ఈ అంతర్విమర్శను జారవిడుస్తాయి.

నిడుబ్రోలు: అంకెల మీద కలయిక

తెనాలి నుంచి బాపట్ల వెళ్లే రైలు దారిలో నిడుబ్రోలు వస్తుంది. అది రైతు నాయకుడు ఎన్.జి.రంగా ఊరు. 1951లో రంగా, టంగుటూరి ప్రకాశం కాంగ్రెస్ నుంచి కలిసే బయటికి వచ్చారు. ఆ కలయిక ఏడాది కూడా నిలవలేదు. రంగా కృషికార్ లోక్ పార్టీని నడిపారు. ప్రకాశం కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలోకి వెళ్లారు. తొలి సార్వత్రిక ఎన్నికల్లో లోక్‌సభకు సోషలిస్టు పార్టీ 12 స్థానాలు, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ 9 స్థానాలు గెలిచాయి. రెండింటి ఓట్లూ కలిపితే 16 శాతం దాటాయి. ఈ కూడికే 1952 సెప్టెంబరులో ప్రజా సోషలిస్టు పార్టీ పుట్టుకకు ప్రధాన ప్రేరణ. గాంధేయ మార్గానికీ మార్క్సిస్టు వారసత్వానికీ ఉన్న తేడా, ప్రభుత్వంలో చేరాలా వద్దా అన్న ప్రశ్న విలీనానికి ముందు తేలలేదు. 1953లో ప్రకాశం ఆ పార్టీని వదిలి ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1954లో తిరువాన్కూరు–కొచ్చిలో తమ పార్టీ ప్రభుత్వమే కాల్పులు జరిపినప్పుడు అది రాజీనామా చేయాలని రామమనోహర్ లోహియా పట్టుబట్టారు. ఆ వివాదం ముదిరి, 1955 చివర హైదరాబాదులో లోహియా సోషలిస్టు పార్టీ వేరుగా ఏర్పడింది. ఓట్లు కూడితే కూడాయి, విలువలు కూడలేదు.

అయితే విడిగా ఉండడం ఖరీదు లేని పని కాదు. 1955 ఆంధ్ర శాసనసభ ఎన్నికల్లో సిద్ధాంతపు సారూప్యం పెద్దగా లేని కాంగ్రెస్, కృషికార్ లోక్, ప్రజా పార్టీలు ఒక కూటమిగా నిలబడ్డాయి. దాదాపు 31 శాతం ఓట్లు తెచ్చుకున్న కమ్యూనిస్టు పార్టీకి 196లో దక్కినవి 15 స్థానాలు. విడిగా పోటీ చేసిన ప్రజా సోషలిస్టులకు 13. ఈ లెక్కను పక్కనపెట్టి సూత్రాన్ని కీర్తించడం తేలిక. ఆ కీర్తన వెల మాత్రం కౌలు రైతూ, వ్యవసాయ కూలీ చెల్లించారు.

1964: చీలికకు వేదిక

1964 ఏప్రిల్‌లో భారత కమ్యూనిస్టు పార్టీ జాతీయ సమితి నుంచి 32 మంది సభ్యులు బయటికి వచ్చారు. వారిలో పుచ్చలపల్లి సుందరయ్యతో పాటు రేపల్లె ప్రాంతంలో పుట్టిన మాకినేని బసవపున్నయ్య కూడా ఉన్నారు. జులైలో వారి సదస్సు తెనాలిలోనే జరిగింది. ఆ ఏడాది చివర కలకత్తా మహాసభతో మార్క్సిస్టు పార్టీ ఏర్పడింది. కాంగ్రెస్ ప్రభుత్వంతో ఎలా వ్యవహరించాలి, విప్లవ దశ జాతీయ ప్రజాతంత్రమా, జనతా ప్రజాతంత్రమా అన్న ప్రశ్నలపై ఉభయులకూ స్పష్టమైన భేదం ఉంది. కనుక దీన్ని కేవలం నాయకుల తగవుగా కొట్టిపారేయడం అన్యాయం. దాని ఫలితాన్ని మరుగుపరచడమూ అన్యాయమే. 1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఉమ్మడి పార్టీకి 51 స్థానాలుండగా, 1967లో రెండు పార్టీలకూ కలిపి 20 మిగిలాయి. చీలిక ఒక్కటే ఇందుకు కారణం అనలేం గాని, అది ముఖ్య కారణాల్లో ఒకటి.

సాహిత్యం దృష్ట్యా ఈ చీలికను పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. రాజకీయంగా అంత పెద్దదైన 1964 తన పేరుతో గుర్తుంచుకోదగిన కొత్త కావ్యభాషను వెంటనే సృష్టించలేదు. ఆ పని 1970 జులైలో విప్లవ రచయితల సంఘం ఏర్పడిన తరువాత జరిగింది. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు వంటి పెద్దలు అందులో చేరడం వల్ల తరాల మధ్య తెగిపోని ఒక కొనసాగింపు కూడా ఏర్పడింది. తీర్మానంలోని భేదం సాహిత్యంలో భేదంగా మారడానికి అనుభవంలోని భేదం కావాలని దీన్నిబట్టి చెప్పవచ్చు.

1985: ఉమ్మడి పొయ్యి దగ్గరికి రానివ్వనివారు

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. ఆ తరువాత, సెప్టెంబరు 1న, దళిత మహాసభ ఏర్పడినది తెనాలిలోనే. బొజ్జా తారకం, కత్తి పద్మారావు దాని నాయకులు. ఇద్దరూ వామపక్ష, హేతువాద ఉద్యమాల భాష తెలిసినవారే. వర్గ ఐక్యతలో కులం తనంతట తానే కరిగిపోతుందన్న హామీ కోసం దళితులు అప్పటికే నాలుగు దశాబ్దాలు ఎదురుచూశారు. 1943 సభా, 1964 సదస్సూ జరిగిన ఊళ్లోనే, ఆ రెండింటిలోనూ మౌనంలో పడిన మాట 1985లో సంఘంగా రూపుకట్టింది. 1991 ఆగస్టులో తెనాలి పక్కనే ఉన్న చుండూరులో ఎనిమిది మంది దళితుల హత్య ఆ మాట ఎంత అవసరమో నెత్తుటితో రుజువు చేసింది.

1995లో వెలువడిన ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం నాటికి తెలుగు కవిత్వపు పదజాలమే మారింది. వాడ, చెప్పు, డప్పు, అంటు వంటి మాటలు జాలి కోసం వాడే ఉపమానాలుగా ఉండడం మాని కవి నిలబడే చోటుగా మారాయి. దీన్ని ‘వేరు కుంపటి’ అన్న విమర్శకులున్నారు. ఉమ్మడి పొయ్యి దగ్గరికి ఎన్నడూ రానివ్వనివారు వంట మొదలుపెడితే దాన్ని వేరుపడడం అనవచ్చునా? ఆ కొలమానం దళిత ఐక్యతకూ వర్తిస్తుంది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఆ ఐక్యతను కూడా ఇదే ప్రశ్న అడిగింది. ఏ కలయికా ఈ ప్రశ్నకు అతీతం కాదు.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, అంకెల కోసం జరిగిన విలీనం తేలని ప్రశ్నలను లోపలికే తెచ్చుకుని వాటితోనే పగులుతుంది. ప్రజా సోషలిస్టు పార్టీ ఇందుకు నిదర్శనం. రెండు, విడితనమే విలువగా మారితే అది చివరకు ఎవరితోనూ కలవలేని తర్కమవుతుంది. సీతారామారావు ఇందుకు సాక్షి. మూడు, కొత్త మాటను పలికించిన వేర్పాటు నష్టపరిచినా నిలుస్తుంది. 1985 అందుకు ఆధారం. కనుక చిన్న పక్షాలు ఉమ్మడి కార్యక్రమం మీద కలిసి నడవడం, అదే సమయంలో భిన్న స్వరానికి సంస్థలోనే చోటు రాసి ఉంచడం సమంజసం. ఆ చోటు లేని ఐక్యత కంటే నిజాయితీగల పొత్తు మేలు.

సాహిత్య పరిశోధకులుగా మన బాధ్యత మరింత సూటిగా ఉంది. సంఘాల చరిత్రను అందులో మిగిలినవారి ప్రకటనలతో మాత్రమే రాస్తే, విడిపోయినవారి రచనలు అనుబంధాలుగా మిగిలిపోతాయి. రచయిత ఎప్పుడు బయటికి వెళ్లాడన్నది తేదీ మాత్రమే. లోపల ఉన్నప్పుడు అనలేకపోయిన ఏ మాటను బయటికి వెళ్లి అన్నాడు, అసలు అన్నాడా లేదా అన్నది పాఠం చదివితేనే తెలుస్తుంది. ద్రోహి అనో, నిష్కళంకుడనో తీర్పు ఇచ్చేముందు ఆ పాఠం చదవడం విమర్శకుడి కనీస ధర్మం.