గ్యాస్ ఎక్కడికి పోయింది?

మార్చి దాటిందంటే విశాఖపట్నంలో ఏ అపార్టుమెంటు మెట్లెక్కినా ఒకటే మాట వినబడుతుంది: "గ్యాసయిపోనాది సార్, ఎక్కించాలి." ఆ మాటన్న కుర్రాడి భుజాన సంచి, చేతిలో చిన్న సిలిండరు ఉంటాయి. ఇంటాయన ఎంతవుతుందని అడుగుతాడు. కాసేపు బేరం నడుస్తుంది. అరగంటలో గది చల్లబడుతుంది. వచ్చే ఏడు మళ్ళీ అదే కుర్రాడు, అదే మాట, ఇంకాస్త పెరిగిన రేటు.

ఆ బేరంలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. అయిపోయిన గ్యాసు ఎక్కడికి పోయినట్టు?

వంటింటి సిలిండరు అయిపోతుందంటే అర్థముంది, రోజూ మండిస్తున్నాం కాబట్టి. ఏసీలో గ్యాసుని ఎవరూ మండించరు. లోపలి కాయిల్లో ద్రవం ఆవిరవుతూ గదిలోని వేడిని లాక్కుంటుంది. కంప్రెసరు ఆ ఆవిరిని నొక్కిపెట్టి బయటికి తోస్తుంది. బయటి కాయిల్లో అది వేడిని వదిలేసి మళ్ళీ ద్రవమై లోపలికొస్తుంది. అంతా మూసిన గొట్టాల్లో జరిగే తిరుగుడే. ఎన్ని గ్రాములు ఉండాలో అవుట్‌డోర్ యూనిట్ మీద అతికించిన పట్టీలోనే రాసి ఉంటుంది. ఎక్కడా చిల్లి పడకపోతే పదేళ్ళ తర్వాత కూడా అన్ని గ్రాములూ అందులోనే ఉండాలి. తగ్గిందంటే కారుతోందన్నమాట. కారే చోటు కట్టకుండా గ్యాసెక్కిస్తే ఆ చల్లదనాన్ని మనం ఏటా కొంత కౌలు కట్టి వాడుకుంటున్నట్టే.

మా వైపు వచ్చే మెకానిక్కుల్లో ఒక పెద్దాయన ఉన్నాడు. కిటికీ ఏసీల కాలం నుంచీ ఈ పనిలోనే ఉన్నాడు. ఆయన పని చేస్తుంటే పక్కన నిలబడి చూడడం నాకిష్టం. రాగానే ఒత్తిడి కొలిచే గేజు తియ్యడు. ముందు ఫిల్టరు ఊడదీసి వెలుతురుకి పెట్టి చూస్తాడు. బ్లోయరు రెక్కల మధ్య వేలు పెట్టి ఎంత జిడ్డు పట్టిందో చూస్తాడు. తర్వాత బాల్కనీలోకి వెళ్ళి రెండు గొట్టాల్నీ చేత్తో పట్టుకుంటాడు. గొట్టం మీద మంచు పేరుకుందంటే చాలామంది గ్యాసు తక్కువని అక్కడికక్కడే తీర్పిచ్చేస్తారు. ఫిల్టరు పూడిపోయి గాలి ఆడకపోయినా అచ్చం అలాంటి మంచే పడుతుంది. బయట ఫ్యాను తిరక్కపోతే కెపాసిటరు పోయుండొచ్చు, కొన్ని వందల రూపాయలతో తేలిపోయే పని. ఇవన్నీ చూశాకే గేజు. "తగిలించి తీసిన ప్రతిసారీ కూసింత గ్యాసు గాల్లో కలిసిపోద్దండి. జబ్బు లేనోడికి సూదెందుకు?" అంటాడు.

లీకు ఉన్నదని తేలాక ఆయన పని నిజంగా మొదలవుతుంది. ముందు కళ్ళతోనే వెతుకుతాడు. గ్యాసుతో పాటు కంప్రెసరు నూనె కూడా కొద్దిగా గొట్టాల్లో తిరుగుతుంటుంది. కాబట్టి చిల్లి ఉన్నచోట నూనె చెమ్మ, దాని మీద దుమ్ము కలిసి నల్లటి మరక పడుతుంది. ఎక్కువగా అది ఫ్లేర్ నట్ల దగ్గర దొరుకుతుంది. రాగి గొట్టం మూతిని గరాటులా విప్పి నట్టుతో బిగించే చోటన్నమాట. గొట్టం మూతి వంకరగా కోసినా, నట్టు మరీ బిగించినా, కంపనానికి వదులైనా అక్కడే కారుతుంది. అక్కడ లేకపోతే మిగిలిన గ్యాసుని తీసేసి నైట్రోజన్ ఎక్కించి, అతుకు అతుకుకీ సర్ఫు నురగ రాసి బుడగల కోసం చూస్తాడు. అప్పటికీ దొరక్కపోతే వాల్వులు బిగించి, ముల్లు ఎక్కడుందో గీత గీసుకుని టీకి వెళ్తాడు. తిరిగొచ్చేసరికి ముల్లు దిగి ఉంటే లీకు ఇంకా ఉన్నట్టే.

నైట్రోజన్ సిలిండరు మోసుకురావడానికి బద్ధకించి, వెల్డింగుకి తెచ్చిన ఆక్సిజన్నే లోపలికి కొట్టేవాళ్ళు ఉన్నారు. కంప్రెసరులో నూనె ఉంటుంది. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజనూ నూనే కలిస్తే పేలుతుంది. మీ ఇంట్లో ఎవరైనా ఆ పని చెయ్యబోతే మొహమాటపడకుండా ఆపించండి.

మా ఊళ్ళో లీకులకి సముద్రం కూడా ఒక కారణం. ఉప్పుగాలి రాగి గొట్టాన్నీ, దానికి తొడిగిన అల్యూమినియం రేకుల్నీ కలిపి తడుపుతుంది. రెండు లోహాలు, మధ్యలో ఉప్పునీరు: అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోవడానికి అంతకంటే ఏం కావాలి? బీచ్ రోడ్డు వైపు బాల్కనీల్లో కొన్ని యూనిట్ల వెనక చెయ్యి పెడితే రేకులు బిస్కెట్‌లా విరుగుతాయి. వాటిని వారం వారం మంచినీళ్ళతో నెమ్మదిగా కడిగితే చాలా మేలు. చేసేవాళ్ళు తక్కువ. ఇక లోపలి కాయిల్‌కి శత్రువు ఇంకొకటి. కొత్త ప్లైవుడ్డు, జిగురు, రంగుల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు తేమతో కలిసి రాగిలో చీమల పుట్టలాంటి సన్నటి సొరంగాలు తొలుస్తాయి. పైకి ఒక చుక్క కూడా కనబడదు. ఇల్లంతా కొత్తగా చెక్కపని చేయించుకున్నవాళ్ళు ఏసీ కొని రెండేళ్ళయినా కాకుండా గ్యాసు పోతోందని లబలబలాడుతుంటే ఆ కోణం కూడా చూడాలి.

తేమ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1902లో విల్లిస్ కారియర్ న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసు కోసం ఈ యంత్రానికి రూపమిచ్చాడు. అక్కడ ఇబ్బంది మనుషులకి కాదు, కాగితానికి. తేమకి కాగితం సాగి, ఒక రంగు మీద అచ్చేసిన ఇంకో రంగు పక్కకి జరిగిపోయేది. అంటే ఏసీ పుట్టిందే గాలిని ఆరబెట్టడానికి. జూన్‌లో కూడా జిడ్డు చెమట ఆరని విశాఖవాసికి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఉక్కపోత రోజుల్లో గదిలోంచి గంటకో లీటరు నీళ్ళు లాగి బయట పోస్తుంది. ఆ నీళ్ళు పోయే గొట్టంలో పాచి పట్టి అడ్డం పడితే గోడ తడుస్తుంది. "ఏసీ కారుతోంది" అంటూ వచ్చే ఫోన్లలో సగానికి పైగా అదే కథ అంటాడు పెద్దాయన. దానికి గ్యాసుతో పని లేదు.

లీకు కట్టాక ఇంకో మెట్టుంది. దాన్ని చాలామంది ఎగ్గొడతారు. పంపు పెట్టి గొట్టాల్లోని గాలినీ, తేమనీ లాగెయ్యాలి. వేక్యూమ్ అంటారు. పాత ఆర్-22 గ్యాసు సెట్ల రోజుల్లో కొంచెం గ్యాసు వదిలి దాంతోనే గాలిని బయటికి తోసేసి పని కానిచ్చేవాళ్ళు. ఆ సెట్లలో ఉండే మినరల్ ఆయిల్ ఆ నిర్లక్ష్యాన్ని కొంతవరకు ఓర్చుకునేది. ఇప్పటి ఆర్-410ఏ, ఆర్-32 సెట్లలో వాడే కృత్రిమ నూనె తేమని ఇట్టే పీల్చుకుంటుంది. తర్వాత ఆమ్లం పుడుతుంది, కంప్రెసరు వైండింగు తింటుంది. అది వెంటనే తెలియదు. రెండు మూడేళ్ళకి కంప్రెసరు పోతే ఆ రోజు ఎగ్గొట్టిన పంపు ఎవరికీ గుర్తుండదు. గ్యాసెంత ఎక్కించాలన్నదీ అంతే. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసరు వేగం మారుతూ ఉంటుంది, దాంతో పాటు ఒత్తిడీ మారుతుంది. గేజు ముల్లు చూసి లెక్క వెయ్యడం కుదరదు. సిలిండరుని కాటా మీద పెట్టి గ్రాముల్లో తూచి ఎక్కించాలి. అందుకే పెద్దాయన సంచిలో ఈమధ్య చిన్న డిజిటల్ కాటా చేరింది. కుర్రాళ్ళు నవ్వారట, కిరాణా కొట్టు పెట్టావా అని.

గాల్లోకి పోయిన గ్యాసు సంగతీ ఉంది. కిలో ఆర్-22 వదిలితే దాదాపు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి, పైగా ఓజోన్‌కి చేటు. ఆర్-32 ఓజోన్ జోలికి పోదు కానీ అదీ 675 కిలోలకి సమానం. 1987 మాంట్రియల్ ఒప్పందం, 2016 కిగాలీ సవరణ ఈ గ్యాసుల మీదే. కిగాలీని మన దేశం 2021లో ఆమోదించింది. 2019లో వచ్చిన జాతీయ శీతలీకరణ ప్రణాళికలో లక్షమంది సర్వీసు టెక్నీషియన్లకి శిక్షణ ఇచ్చి ధ్రువపత్రాలివ్వాలని రాసుకున్నారు. మంచి మాటే. అయితే శిక్షణ పొందినవాడు నేర్చుకున్నట్టు పని చెయ్యాలంటే వెతకడానికి పట్టే పూటకి ఇంటాయన డబ్బివ్వాలి. మనం వస్తువుకి ఇస్తాం, గ్యాసుకి ఇస్తాం. "ఏమీ మార్చలేదు కదయ్యా, చూసినందుకు కూడా డబ్బులేనా?" అంటాం. ఆ కుర్రాడు సిలిండరు పట్టుకు తిరగడం వెనక సగం మన చెయ్యి ఉంది.

కొత్తది ఎప్పుడు కొనాలని అందరూ అడుగుతారు. లోపలి కాయిల్ తూట్లు పడ్డ పాత ఆర్-22 సెట్టయితే నేను కొనమనే అంటాను. ఆ గ్యాసుకి మన దేశంలో 2030 గడువు. దాన్లో ఆర్-32 ఎక్కించేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. ఒత్తిడి చాలా ఎక్కువ, పైగా కొద్దిగా మండే గుణమూ ఉంది, పాత సెట్టు దానికోసం కట్టింది కాదు. అయిదు నక్షత్రాల పట్టీ చూసి పాతదాన్ని వదులుకోలేనివాళ్ళు కూడా ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఆ కొలతల్ని 2018లో, మళ్ళీ 2022 జూలైలో బిగించారు. అప్పటి అయిదు ఇప్పటి అయిదు కాదు. అదే ఫ్లేర్ నట్టు, కెపాసిటరు, ఫ్యాను మోటారు లాంటివైతే బాగుచేయించుకోవడమే మేలు.

కొత్త సెట్టు బిగించే రోజు దగ్గరుండండి. పాత గొట్టాలకే తగిలించేస్తారేమో చూడండి, పంపు తెచ్చారా అని అడగండి. పెద్దాయన బిల్లులో వేక్యూమ్‌కి విడిగా ఒక పద్దు ఉంటుంది. బేరమాడేవాళ్ళు మొదట కొట్టేయించేది దాన్నే. డబ్బు తగ్గించుకుంటాడు కానీ పంపు మాత్రం పెట్టే వెళ్తాడు ఆయన. కుర్రాళ్ళయితే పంపు కూడా కిందకి దించేస్తారు. అద్దె కట్టి తెచ్చిన పంపు అది, వాళ్ళని తప్పుపట్టలేను.