రెండు రాళ్లు: ఎవరి మీద పడ్డాయి?

సినిమాల్లో దళిత బహుజనులు ఉన్నారా లేరా అని లెక్కపెట్టడం మనకు అలవాటైంది. ఉన్నారు. అడగాల్సింది వేరే. కెమెరా ఎవరి పక్కన నిలబడింది? ఎవరి చెవితో మనల్ని వినమంటోంది? తెరమీద మనిషిని వెలివేసేది కథ ఒక్కటే కాదు, ఈ రెండూ కూడా.

శ్యామ్ బెనెగల్ 'అంకుర్' (1974) చూడండి. తెలంగాణ ఊరు, దక్కనీ మాట. పట్నంలో చదివిన భూస్వామి కొడుకు సూర్య, అతనింట్లో పనిచేసే కింది కులపు లక్ష్మి, ఆమె భర్త కిష్టయ్య. మంచి సినిమానే. లక్ష్మి వండింది సూర్య తింటే ఊరు ఎట్లా గింజుకుంటుందో దాచకుండా చూపించింది. కాని కిష్టయ్యకు మాట రాదు, చెవులు వినపడవు. కల్లు దొంగిలించాడని గుండు గీసి గాడిద మీద తిప్పినా, చివర్లో పని అడగడానికొచ్చి దెబ్బలు తిన్నా అతని గొంతు మనకు వినపడదు. మన నోరు నొక్కింది ఊరు. సినిమా దాన్ని ఒంటి లోపంగా మార్చేసింది. లక్ష్మి కడుపు మండి తిడుతుంది, నిజమే. ఒక పిల్లోడు దొర కిటికీ మీద రాయి విసురుతాడు, తెర ఎర్రబడుతుంది. పగిలింది దొర అద్దం. హాల్లో కూచున్న చదువుకున్నవాళ్లకు ఒక్క పెంకు కూడా తగల్లేదు. దొరను అసహ్యించుకుని హాయిగా ఇంటికెళ్లొచ్చు.

దాదాపు నలభై ఏళ్లకు నాగరాజ్ మంజులే మరాఠీలో 'ఫాండ్రీ' (2013) తీశాడు. మంజులేది రాళ్లు కొట్టే వడార్ కులం, మన వడ్డెర్లకు చుట్టాలే. సినిమాలో జబ్యా కుటుంబం కైకాడీలు. వాళ్ల మాట మన ఎరుకల మాటకు దగ్గర. ఫాండ్రీ అంటే పందే. ఇంట్లో అది మామూలు మాట, ఊరి నోట్లో తిట్టు. శబ్దం ఒకటే, పలికే నోటిని బట్టి కులం బయటపడుతుంది.

జబ్యా ఇంటిల్లిపాదీ బడి పక్కన పంది వెంట పడతారు. తోటి పిల్లలు చూసి నవ్వుతుంటారు. అంతలో బడిలోంచి జనగణమన. జబ్యా కదలకుండా నిలబడతాడు, ఇంటోళ్లూ నిలబడతారు. పంది తప్పించుకుంటుంది. గీతం అయిపోయాక మళ్లీ వేట, మళ్లీ నవ్వులు. ఊరూ వాడా ఒక్కతీరుగా నిలబడింది ఆ గీతం ఉన్నంతసేపే. దీన్ని ఉపన్యాసంగా చెప్పిస్తే చప్పట్లు కొట్టి మర్చిపోయేవాళ్లం. మంజులే రెండు శబ్దాల్ని పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు. తర్వాత పట్టిన పందిని కర్రకు కట్టి మోసుకుంటూ బడి గోడ ముందునుంచి పోతారు. గోడ మీద అంబేద్కర్, సావిత్రిబాయి ఫూలే బొమ్మలు. భుజం మీద పంది.

చివర జబ్యా విసిరిన రాయి సూటిగా కెమెరా మీదికే వస్తుంది. తెర నల్లబడుతుంది. ఇంతసేపూ ఆ వేటను కూచుని చూసింది మనమే గదా.

దళితుడు తీస్తేనే దళిత సినిమా అని నేననడం లేదు. పుట్టుక ఒక్కటే కెమెరాను సరైన చోట నిలబెట్టదు. జాలిపడే దర్శకుడు కూడా దొర వరండాలోనే కుర్చీ వేసుకోవచ్చు. అందుకే హాస్టళ్లలో, సంఘాల్లో సినిమా వేసినప్పుడు కథ బాగుందా అన్న దగ్గరే ఆగొద్దు. ఒక సీను కళ్లు మూసుకుని వినమనండి. ఎవరి గొంతు లేదో రాసుకోమనండి. తర్వాత సౌండ్ తీసేసి చూడమనండి. ఈ పరీక్ష మన గురించి ఇతరులు తీసినవాటికే కాదు, మనవాళ్లు తీసినవాటికీ పెట్టాలి.