లొల్లి తగ్గాలంటే గాలి నెమ్మదించాలి

గద్వాలలో పత్తి నూగు, వనపర్తిలో పల్లి పొట్టు, నాగర్‌కర్నూల్‌లో చెల్క మన్ను. పాత పాలమూరు జిల్లాలోని ఈ మూడు పట్టణాల్లో ఏళ్ల తరబడి నడిచిన కంప్యూటర్‌ను విప్పితే చుట్టుపక్కల ఏ పంట పండుతుందో లోపల చూసి చెప్పొచ్చు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల నడిగడ్డ విత్తన పత్తికి పేరు పడ్డ నేల. వనపర్తి మార్కెట్ యార్డుకు పల్లికాయ రాశులుగా వస్తుంది. రోడ్డు మీద లారీ పోయిన ప్రతిసారీ లేచే దుమ్ములో కొంత మీసేవ కౌంటర్ కిందున్న సీపీయూ డబ్బాలోకి చేరుతుంది. గాలిని లోపలికి లాగడమే ఫ్యాన్ పని. గాలితో పాటు ఏమొచ్చినా అది కాదనదు.

అక్కడి నుంచి మొదలవుతుంది లొల్లి. పొద్దున స్విచ్ వేయగానే గరగర, మధ్యాహ్నానికి హోరు. కౌంటర్ అవతల నిలబడ్డ పెద్దమ్మ సర్వే నంబరు చెబుతుంది. ఆమె ఇరవై ఆరు అన్నదో అరవై ఆరు అన్నదో ఆపరేటర్‌కు సరిగా వినబడదు. మళ్లీ అడుగుతాడు, ఆమె గొంతు పెంచుతుంది. భూమి కాగితాల దగ్గర ఇరవైకీ అరవైకీ ఉన్న తేడా చిన్నది కాదు. అందుకే ఫ్యాన్ చప్పుడు తగ్గించడాన్ని నేను షోకు పనిగా చూడను. రోజంతా ఆ డబ్బా పక్కన కూచునే మనిషికీ, ఎదురుగా నిలబడే రైతుకూ అది నేరుగా అక్కరకొచ్చే పని.

ఈ పని చేసే చేతులకు మన పట్టణాల్లో ఒక పరంపర ఉంది. రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసిన బల్లల మీదికే తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. పక్క దుకాణంలో బోరు మోటార్ల వైండింగ్ నడుస్తుంటుంది. లారీ మెకానిక్ పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని బేరింగ్ జబ్బు పసిగడతాడు. అదే విద్య కంప్యూటర్ బల్ల మీద కాగితం గొట్టంగా మారింది. పత్రికను గొట్టంలా చుట్టి, ఒక కొస చెవికి పెట్టుకుని, రెండో కొసను ఒక్కో ఫ్యాన్ దగ్గరికి తీసుకుపోతే చప్పుడు ఎక్కడిదో తేలిపోతుంది. డబ్బాలో కనీసం రెండు ఫ్యాన్లుంటాయి, ఒకటి ప్రాసెసర్ మీద, ఒకటి పవర్ సప్లయ్ లోపల. చాలా డబ్బాల్లో వెనక పక్కన మూడోది ఉంటుంది. వనపర్తి రాజావారి భవనంలో నడిచే పాలిటెక్నిక్‌లో చదివి వచ్చిన పిల్లవాడైనా ఈ వినికిడిని ఉస్తాద్ పక్కన కూచునే నేర్చుకోవాలి.

“అన్నా, బాగ లొల్లి చేస్తుంది, ఫ్యాన్ మార్చు” అంటూ వస్తారు జనం. మంచి మెకానిక్ వెంటనే మార్చడు. చప్పుళ్లన్నీ ఒకటి కావని అతనికి తెలుసు. పొద్దున గరగరలాడి, కాసేపటికి సర్దుకుంటే అది బేరింగ్‌లో నూనె ఎండిన గుర్తు. టకటకమంటే ఏదో వైరు రెక్కలకు తగులుతోంది, దానికి ప్లాస్టిక్ టై ఒక్కటి చాలు. డబ్బా మీద అరచేయి పెట్టగానే గూంయ్‌మనడం ఆగితే అదిరేది రేకు, ఫ్యాన్ కాదు. ఇవేవీ కాక గాలి హోరే వినబడుతుంటే ఫ్యాన్ బాగానే ఉన్నట్టు. లోపలి వేడిని బయటికి తోయలేక అది పూర్తి వేగంతో తిరుగుతోంది. అలాంటి చోట కొత్త ఫ్యాన్ వేసినా నాలుగు రోజుల్లో అదే హోరు.

దుమ్ము దులపడం తేలిక పనిలా కనిపిస్తుంది కానీ దానికీ ఒక పద్ధతి ఉంది. బ్లోయర్ పెట్టే ముందు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టి ఆపాలి. లేకపోతే గాలి దెబ్బకు అది తన హద్దు దాటిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. పైగా తిరిగే మోటారు కరెంటు పుట్టించి బోర్డు వైపు పంపే ప్రమాదం ఉంది. దుకాణాల్లో సాంబ్రాణి, అగరుబత్తి పొగ జిడ్డుగా రెక్కలకు పడుతుంది. దాని మీద పత్తి నూగు అంటుకుంటే బ్లోయర్‌కు లొంగదు, బ్రష్షు పట్టాల్సిందే. ప్రాసెసర్ మీది అల్యూమినియం రేకుల సందుల్లో నూగు మందంగా పేరుకుని ఉంటుంది. ఫ్యాన్ విప్పితే తప్ప అది కంటికి కనబడదు. దాన్ని తీసి, ప్రాసెసర్ వేడిని ఆ రేకులకు దాటించే థర్మల్ పేస్టు ఎండి గట్టిపడితే తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టి బిగిస్తే సగం కేసుల్లో ఫ్యాన్ మార్చే అవసరమే రాదు. బిగించేటప్పుడు కూలర్ (ఆ రేకులు, ఫ్యాన్ కలిపి) నాలుగు మూలల పిన్నులను ఎదురెదురుగా నొక్కాలి. ఒక పక్క నొక్కుకుంటూ పోతే కూలర్ ఒరిగి, వేడి సరిగా దిగదు.

నూనె సంగతి కూడా చెప్పాలి. చవక ఫ్యాన్లలో ఎక్కువ వాటికి స్లీవ్ బేరింగ్ ఉంటుంది. ఇత్తడిలాంటి లోహపు గొట్టంలో ఇరుసు తిరుగుతుంది, మధ్యలో నూనె పొర. మన వేడికి ఆ నూనె త్వరగా ఇంకిపోతుంది. వెనక స్టిక్కర్ తీసి, రబ్బరు మూత ఉంటే లేపి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే గరగర ఆగుతుంది. ఇది మన బల్లల మీద పాత వైద్యం, నిజంగా పనిచేస్తుంది కూడా. అయితే ఇరుసు అప్పటికే అరిగి ఊగుతుంటే నూనె కొన్నాళ్ల ఉపశమనమే. కొబ్బరినూనె మాత్రం వద్దు. అది చలికి పేరుకుంటుంది, దుమ్ముతో కలిసి జిగురవుతుంది.

ఇక మార్చక తప్పనప్పుడు ఏది కొనాలి? ఇక్కడ అసలు సూత్రం ఒకటుంది. ఇంటి సీలింగ్ ఫ్యాన్ గది మొత్తానికి గాలి ఇస్తూ కూడా నిమిషానికి మూడొందల చుట్ల పైచిలుకే తిరుగుతుంది. అరచేతి కన్నా చిన్నదైన ప్రాసెసర్ ఫ్యాన్ రెండు వేల చుట్లు దాటుతుంది. రెక్క చిన్నదైనకొద్దీ వేగం పెరగాలి, వేగం పెరిగితే చప్పుడు దానికన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇంజినీర్ల లెక్క ప్రకారం ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే చప్పుడు సుమారు 15 డెసిబెల్‌లు తగ్గుతుంది. 10 డెసిబెల్‌లు తగ్గితేనే మన చెవికి చప్పుడు సగమైనట్టు ఉంటుంది. గాలి మాత్రం సగమే తగ్గుతుంది. అదే రకం ఫ్యాన్ ఇంకొకటి పక్కన పెడితే చప్పుడు 3 డెసిబెల్‌లే పెరుగుతుంది. అంటే పూర్తి వేగంతో తిరిగే ఒక ఫ్యాన్ బదులు సగం వేగంతో తిరిగే రెండు పెడితే, గాలి దాదాపు అంతే, చప్పుడు 12 డెసిబెల్‌లు తక్కువ. డబ్బాలో చోటుంటే 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ తీసి 120 పెట్టమని జాణ మెకానిక్ చెప్పేది ఇందుకే. అంతే గాలికి 120 సగం కన్నా తక్కువ వేగంతో తిరిగితే చాలు.

బేరింగ్ విషయంలో మన నేలకు స్లీవ్ సరిపోదని నా అభిప్రాయం. బాల్ బేరింగ్ వేడిని బాగా తట్టుకుంటుంది, కానీ ముసలిదయ్యాక కీచుమంటుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ అనే రకంలో ఇరుసు తిరిగే వేగానికి నూనె ఒత్తిడి పుట్టి, లోహాన్ని లోహానికి తగలనీయదు. చప్పుడు తక్కువ, ఆయుష్షు ఎక్కువ. ఆస్ట్రియా కంపెనీ నోక్టువా ఫ్యాన్లు ఇలాంటి నాణ్యతకు పేరుపడ్డవే కానీ ధర వేలల్లో ఉంటుంది. కొన్ని వందల్లో వచ్చే మంచి రకాలూ ఉన్నాయి. సరుకు ఎక్కువగా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచే దిగుతుంది కాబట్టి కొలత, పిన్నుల సంఖ్య సరిగ్గా రాసి పంపాలి. కొన్ని కంపెనీల డెస్క్‌టాప్‌లలో కనెక్టర్ వేరుగా ఉంటుంది. మామూలు ఫ్యాన్ తగిలిస్తే సిస్టమ్ ఆన్ కాగానే తప్పు చూపి ఆగుతుంది.

బిగించేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి మన దగ్గర తరచూ చూస్తాం. మూడు పిన్నుల ఫ్యాన్‌ను నాలుగు పిన్నుల సాకెట్‌కు పెట్టి వదిలేస్తారు. నాలుగో పిన్ను మీదుగా వచ్చే వేగం ఆజ్ఞ ఆ ఫ్యాన్‌కు అందదు, అది ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది. కొత్తది కొన్నా లొల్లి తగ్గలేదని కస్టమర్ తిరిగొస్తాడు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల తెర బయాస్‌లోకి వెళ్లి ఆ సాకెట్‌ను వోల్టేజి పద్ధతికి మారిస్తే, మదర్‌బోర్డులో ఆ వీలుంటే, సమస్య తీరుతుంది. గాలి దిక్కు కూడా చూసుకోవాలి. సాధారణంగా స్టిక్కర్, దాన్ని మోసే ఊచలు ఉన్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది. ముందు నుంచి లోపలికి, వెనక నుంచి బయటికి. లోపలికి లాగే గాలి కాస్త ఎక్కువగా ఉండి, ముందు జల్లెడ పెడితే దుమ్ము సందుల నుంచి దూరదు, జల్లెడ దగ్గరే ఆగుతుంది. ఇనుప స్క్రూల బదులు రబ్బరు పిన్నులు పెడితే అదురు రేకులోకి ఎక్కదు.

పవర్ సప్లయ్ జోలికి మాత్రం ఇంట్లో ఎవరూ పోవద్దు. ప్లగ్ తీసేశాక కూడా దాని కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. అనుభవమున్న చేతికే ఆ డబ్బా విప్పే అధికారం.

అసలు ఫ్యానే లేకుండా చేస్తే? 1980లో వచ్చిన ఆపిల్ 3కి ఫ్యాన్ వద్దని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టారు. వేడికి లోపలి చిప్‌లు సాకెట్లలో వదులై ఆ యంత్రం చెడ్డపేరు తెచ్చుకుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే మన దగ్గర ఆ ఆశ అసలే వద్దు. గదిలో వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడీ దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది.

ఈ నిశ్శబ్దం కౌంటర్ల దగ్గరే కాదు, పాట దగ్గరా కావాలి. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య మోగించే 12 మెట్ల కిన్నెర నాగర్‌కర్నూల్ జిల్లాదే, పాటల కవి గోరటి వెంకన్న పుట్టిన గౌరారమూ ఈ జిల్లాలోనే ఉంది. ఇప్పుడు పల్లెల్లో చిన్న గదిలో ఒక మైకు, ఒక కంప్యూటర్ పెట్టుకుని జానపదాలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతున్న పిల్లలు ఎందరో ఉన్నారు. కిన్నెర లాంటి మెత్తని తీగ వాద్యం పక్కన ఫ్యాన్ హోరు ఉంటే మైకు రెండింటినీ పట్టుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌తో హోరు తీసేస్తే తీగ చివరి మోత కూడా కొంత పోతుంది. మంచి మైకు కోసం వేలు పెట్టేముందు వందల్లో పోయే ఈ పని చేయించుకోమంటాను.

ఇంట్లో మనం చేయగలిగిందీ కొంత ఉంది. కంప్యూటర్ టేబుల్ కింది చెక్క అరలో డబ్బాను ఇరికిస్తే అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది. బయటికి తీసి, గోడకు జానెడు దూరంలో, నేల మీద కాకుండా కాస్త ఎత్తు మీద పెట్టాలి. గుడ్డ కవరు కప్పి ఉండగానే ఆన్ చేయకూడదు. ఏడాదికి రెండుసార్లు దులిపిస్తే చాలు. దసరా ఆయుధ పూజకు బొట్టు పెట్టేముందు ఒకసారి, శివరాత్రి వెళ్లి ఎండలు ముదిరేముందు ఇంకోసారి.

చలికాలంలో మార్చిన ఫ్యాన్ అప్పటికి హాయిగా ఉన్నా దాని పరీక్ష మే నెల మధ్యాహ్నమే. ఆ వేళ పని ఒత్తిడి మీదున్న ప్రాసెసర్ 80 డిగ్రీల లోపు ఉంటే వేగాన్ని అలాగే ఉంచొచ్చు. దాటితే బయాస్‌లో ఒక మెట్టు పెంచి, వానలు పడ్డాక తిరిగి తగ్గించుకోవాలి.