సాంచా చిన్నదైతే సరిపోదు

సిరిసిల్ల పేరు చెప్పగానే సాంచాల (మరమగ్గాల) మోత, 2017 నుంచి ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు గుర్తొస్తాయి. మీటర్ల లెక్కన, పిక్కుల (వేసిన పేక పోగుల) లెక్కన కూలీ కట్టే ఊరు అది. అదే ఊళ్లో బల్ల మీద పట్టే బుల్లి మగ్గాలు చేసేవాళ్లు, అగ్గిపెట్టెలో ఇమిడే చీరలు నేసేవాళ్లు కూడా ఉన్నారు. నల్ల పరంధాములు అగ్గిపెట్టె చీరతో పేరు తెచ్చుకుంటే, ఆయన కొడుకు విజయ్ ఆ పనిని కొనసాగించారు. వెల్ది హరిప్రసాద్ తన చేత్తో నేసిన జీ20 లోగోను ప్రధానికి పంపారు. 2022 నవంబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధాని ఆ కానుక గురించి చెప్పాక ఆయన పేరు దేశమంతా వినిపించింది. ఇలాంటి వార్తల్లో ఎంత చిన్నది, ఎవరికి బహూకరించారు అన్నవి తప్పకుండా ఉంటాయి. అందులో కష్టం ఎక్కడుందో మాత్రం కనిపించదు.

ఆ కష్టం తెలియాలంటే ముందు ఇంకో బుల్లి యంత్రాన్ని చూద్దాం. ఇంట్లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకుని పనిచేసే యంత్రాల నమూనాలు చేయడం ఇంగ్లండులో పెద్ద సరదా. 1898లో పెర్సివల్ మార్షల్ దాని కోసమే ‘మోడల్ ఇంజనీర్’ అనే పత్రిక పెట్టాడు. వాళ్లకు బాగా ఇష్టమైన వాటిలో కాంపౌండ్ ఆవిరి ఇంజను ఒకటి. చిన్న సిలిండర్లో పనిచేసి బయటికొచ్చిన ఆవిరిని వదిలేయకుండా, ఇంకా పెద్ద సిలిండర్లోకి పంపి మిగిలిన బలాన్నీ పిండుకోవడం దాని కిటుకు. ఓడల్లో ఇది బొగ్గును బాగా ఆదా చేసింది. బల్ల మీది నమూనాలో మాత్రం ఆ లాభం దాదాపు ఉండదు. కొలతలన్నీ పదో వంతు చేస్తే లోపల పట్టే ఆవిరి వెయ్యో వంతుకు పడిపోతుంది, గోడల వైశాల్యం మాత్రం నూరో వంతే అవుతుంది. అంటే, ఉన్న ఆవిరికి తగిలే చల్లని గోడ పది రెట్లు ఎక్కువ. ఆవిరి రెండో సిలిండర్ చేరేలోపే చాలావరకు నీళ్లవుతుంది. యంత్రాన్ని కుదించొచ్చు గాని ఆవిరి గుణాన్ని కుదించలేం. అది తెలిసే చేస్తారు వాళ్లు.

మగ్గం దగ్గర అలా కుదించలేని మొండిఘటం పోగు. సాంచాలో పేక పోగును మోసే నాడె తన వేగం మీదే ఒక అంచు నుంచి ఇంకో అంచుకు దూసుకుపోతుంది. దాన్ని కొట్టి వదిలేశాక మధ్యలో పట్టుకుని నడిపేదేమీ ఉండదు. ఆ సాంచాను పదో వంతుకు కుదించి, నిమిషానికి అన్నే పిక్కులు వేయమంటే నాడె బరువు వెయ్యో వంతు, వేగం పదో వంతు అవుతాయి. దాని ఊపులోని శక్తి లక్షో వంతుకు దిగిపోతుంది. వెనక కండె నుంచి ఊడొచ్చే పేక పోగు మాత్రం పాత పోగే. అది లాగే లాగుడు తగ్గదు. అందుకే బుల్లి మగ్గంలో నాడెను విసిరితే సగం దారిలో ఆగిపోతుంది. దాన్ని వేలితో నెట్టాలి, లేదా రెండు వైపులా పట్టుకుని అందించే చిన్న ఏర్పాటేదో చేయాలి.

పడుగు పోగులను విడిగా పట్టి పేకను గుద్దే దువ్వెన లాంటి పన్నె ఇంకా పేచీ పెడుతుంది. అంగుళానికి 60 పళ్లున్న పన్నెను పదో వంతు చేస్తే అంగుళానికి 600 పళ్లు కావాలి. ఒక పన్ను, దాని పక్క సందు కలిపి 0.04 మిల్లీమీటర్లు. మన తల వెంట్రుక అంతకంటే లావు! కాబట్టి మగ్గం ఎంత చిన్నదైనా పన్నె పళ్ల మధ్య దూరం పోగు చెప్పినట్టే ఉండాలి. పడుగు పోగులు తగ్గించుకోవడం తప్ప దారి లేదు.

ఇక కుదించినా చెడనిది ఒకటుంది. నన్నడిగితే, బుల్లి సాంచా చేసేవాడి పనితనం చూడాల్సింది అక్కడే. సాంచాలో రెండు ఇరుసులు ఉంటాయి. పైది ఒకసారి తిరిగితే పన్నె ఒకసారి ముందుకొచ్చి పేకను బట్టలోకి గుద్దుతుంది. కిందిది పైదాని వేగంలో సగమే తిరుగుతుంది. ఎందుకంటే సాదా నేతలో ఒక పిక్కుకు సరి పోగులు లేస్తే, తర్వాతి పిక్కుకు బేసి పోగులు లేవాలి. నాడె కూడా ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి రావాలి. రెండు పిక్కులకు ఒక చుట్టు కాబట్టి రెండుకు ఒకటి లెక్కన పళ్ల చక్రాలు బిగిస్తారు. పన్నె వెనక్కి వెళ్లినప్పుడు పడుగు తెరుచుకోవాలి, ఆ కాస్త వ్యవధిలోనే నాడె దాటిపోవాలి, ఆ తర్వాతే గుద్దు పడాలి. ఈ వరుస కొంచెం తప్పితే నాడె పడుగులో ఇరుక్కుంటుంది. పెద్ద సాంచాలో ఆ ఒక్క తప్పుకు వందల పోగులు తెగి, వాటిని అతికేసరికి రోజు గడుస్తుంది. ఆవిరి ఇంజనులో పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య ఉండే పొంతన కూడా ఇలాంటిదే. ఇక్కడ సాంచాలు సరిచేసే జాబర్ చేసే పనిని అక్కడ ఫిట్టర్ చేస్తాడు.

చీర సంగతికొస్తే, అగ్గిపెట్టె చీరను బుల్లి మగ్గం మీద నేయడం కుదరదు. దానికి నిండు వెడల్పు మగ్గమే కావాలి. అక్కడ సన్నబడాల్సింది పోగు. ఒక లెక్క వేసి చూద్దాం. చీర పొడవు ఐదున్నర మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు. సెంటీమీటరుకు పడుగులో 16, పేకలో 16 పోగులే వేసి పలచగా నేసినా మొత్తం 21 కిలోమీటర్ల పైచిలుకు దారం పడుతుంది. 9,000 మీటర్లు తూస్తే ఎన్ని గ్రాములో అన్ని డెనియర్లు. 20 డెనియర్ల పచ్చి పట్టు తీసుకుంటే చీర దాదాపు 47 గ్రాములు తూగుతుంది. పట్టు మీద సహజంగా ఉండే జిగురును ఉడికించి తీసేస్తే అందులో నాలుగో వంతు దాకా తగ్గుతుంది, బట్ట మెత్తబడి మడతలు అణుగుతాయి. ఆ జిగురును ముందే తీస్తే మాత్రం మెలి లేని అంత సన్నని పోగు పన్నె రాపిడికి నిలవడం కష్టం. ఇంత చేసినా మామూలు చిన్న అగ్గిపెట్టె చాలదు, వంటింటి పెద్ద పెట్టె కావాలి. చిన్నదాంట్లోనే పట్టాలంటే పోగు ఇంకా సన్నబడాలి, లేదా నేత ఇంకా పలచబడాలి.

ఉంగరంలోంచి చీర దూర్చి చూపిస్తే జనం ఎక్కువ చప్పట్లు కొడతారు. లెక్కకు అది చాలా తేలిక. పై చీరను పొడవునా కుచ్చిలా పట్టుకుంటే అందులో ఉన్న అసలు పట్టు అడ్డుకోత వైశాల్యం ఆరేడు చదరపు మిల్లీమీటర్లు. 16 మిల్లీమీటర్ల ఉంగరంలో ఉన్న చోటు 200. చప్పట్లు అగ్గిపెట్టెకే దక్కాలి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి ఎన్నో పద్మశాలీ కుటుంబాలు భీవండి, షోలాపూర్, సూరత్ వలసపోయాయి. తిరిగొచ్చినవాళ్లలో కొందరు అక్కడి సాంచా పనిని వెంట తెచ్చుకున్నారు. ఆ పని వాళ్లు బడిలో నేర్చుకున్నది కాదు. స్పానరు పట్టుకుని పెద్ద జాబర్ వెనక నిలబడితేనే వచ్చేది. పాత సాంచాలు పాత ఇనుముకు పోతున్న కాలంలో ఆ ఇరుసుల పొంతనను కళ్ల ముందు విప్పి చూపడానికి, ఒక పిల్లవాడి చేత్తో మెల్లగా తిప్పించడానికి బుల్లి సాంచా కంటే అనువైన సాధనం లేదు. గాజు పెట్టెలో పెట్టి తాళం వేస్తే ఆ ఉపయోగం పోతుంది.

ఎక్కడైనా ప్రదర్శనలో అలాంటిది కనిపిస్తే ఎన్ని అంగుళాలని అడక్కండి. నిండు కండె పెట్టించి, అది అయిపోయేదాకా నేయించమనండి. తర్వాత బట్ట రెండు అంచులూ చూడండి. అవి ఎక్కడా లోపలికి గుంజకుండా, ఉచ్చులు తేలకుండా తిన్నగా ఉంటే పడుగు బిగువు, నాడె లాగుడు, పన్నె గుద్దు మూడూ కుదిరినట్టే.