సాటి చూపు

చిన్న సేవాసంఘానికి వెబ్‌సైటు ఎలా కట్టాలి, అందులో ఏం రాయాలి అన్న విషయం మీద తెలుగులో ఒక పుస్తకం రావడమే సంతోషం. రాసిన ఇద్దరు యువకులూ పాశమైలారం, ఇస్నాపూర్ పారిశ్రామిక ప్రాంతంలో వలస కార్మికుల కుటుంబాలకు సాయపడే ఒక సంఘానికి స్వయంగా సైటు తయారుచేసినవాళ్లు. ఇందులోని ప్రతి సలహా వెనకా చేసిన పని ఉంది.

ఈ ఊళ్లున్న సంగారెడ్డి జిల్లాకు, మామూలు మనుషులే తమ మాట తాము చెప్పుకునే విషయంలో ఘనమైన వారసత్వం ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో, దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీశ్ ప్రోత్సాహంతో, అక్షరం రాని దళిత మహిళా రైతులు కూడా కెమెరా పట్టారు. 2008 అక్టోబరులో మాచునూరు నుంచి సంఘం రేడియో మొదలైంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఆ సంస్థకు దక్కింది. ఇవన్నీ ఒక ఎత్తు. పటేలుకూ జీతగాడికీ మధ్య ఊళ్లో ఉండే ఎచ్చుతగ్గులు కెమెరా కోణంలోనూ ఉంటాయని ఆ తల్లులు కనిపెట్టడం మరో ఎత్తు. అందరూ ఒకే చాప మీద కూర్చునే సంఘంలో లాగా, ఎదుటిమనిషి కంటి ఎత్తులో తీసేదాన్ని వాళ్లు సంఘం షాట్ అన్నారు. ఏ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అయినా పాఠంగా పెట్టుకోదగ్గ మాట ఇది.

మన సేవాసంఘాల సైట్లలో మాత్రం చాలావరకు పైనుంచి తీసిన ఫొటోలే కనిపిస్తాయి. చిరిగిన చొక్కాతో ఒక పిల్లవాడు, కింద ‘అభాగ్యులకు ఆపన్నహస్తం’ అని ఒక శీర్షిక! ఆ పిల్లవాడు పెద్దవాడై ఉద్యోగానికి వెళ్లేనాటికీ ఆ బొమ్మ ఇంటర్నెట్‌లో అలాగే ఉంటుంది. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. ఈ రచయితలు చట్టం దగ్గర ఆగలేదు. ఫొటో తీసేముందు అడగాలి, తీశాక చూపించాలి, కింద రాసిన వాక్యం చదివి వినిపించాలి, ఎప్పుడు వద్దన్నా తీసేయాలి అంటారు. ఫొటోల గురించిన ఈ అధ్యాయమే పుస్తకానికి ప్రాణం.

తెలుగు గురించి రాసిన పేజీలూ అంతే విలువైనవి. మన డీటీపీ సెంటర్లలో కరపత్రాలు యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో కొడతారు. ఆ మేటరు సైటులో అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి కాబట్టి కరపత్రాన్నే ఫొటో తీసి పెట్టేస్తారు. అది వెతికితే దొరకదు. చూపులేనివారి ఫోను దాన్ని సరిగా చదివి వినిపించలేదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉన్నా ఇంకా ఇదే తంతు! ఆ మేటరును యూనికోడ్‌లోకి మార్చుకునే పద్ధతి ఇందులో వివరంగా ఉంది. కార్ఖానాల్లో ఒడిశా, బీహారు వాళ్లూ పనిచేస్తున్నారు కనుక ఒడియా, హిందీ పేజీలు కూడా ఉండాలన్నది న్యాయమైన మాట.

పారిశ్రామికవాడలో సంఘాలకు కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధుల మీద ఆశ సహజం. 2014 ఏప్రిల్ 1 నుంచి, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. అందుకని రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను మినహాయింపు, సీఎస్‌ఆర్-1 నమోదు వివరాలు, ఆడిట్ లెక్కలు సైటులో ఉండాల్సిందే. కానీ తెరవగానే కనిపించాల్సింది సాయం కోరేవారికి కావాల్సిన ఫోన్ నంబరు, కలిసే వేళలు అంటారు వీళ్లు. దాతకు రెండో చోటే. నాదీ అదే మాట.

ఒక్క లోటు చెబుతాను. సైటు పెట్టాక దాన్ని ఏటేటా ఎవరు చూసుకోవాలన్నది అరపేజీలో ముగించారు. పాత నంబరు నమ్మి ఫోన్ చేసినవాళ్ల గతేమిటి? వచ్చే కూర్పులో దీన్ని పెంచి రాయాలి.

సంఘాలు నడిపే మిత్రులకు నా విన్నపం. ఈ పుస్తకం చదవడం మొదలుపెట్టే ముందు, మీరు సాయం చేసిన ఒక్కరికైనా మీ సంఘం పేజీని ఫోన్‌లో చూపించండి. వాళ్లన్న మాటలు రాసుకుని, ఆ కాగితం పక్కన పెట్టుకుని మొదటి అధ్యాయం తెరవండి.