భవిష్యద్వాణి – రెండవ ప్రశ్న

భవిష్యద్వాణిని గూర్చి విచారించువారు సాధారణముగా అది ఫలించెనా, లేదా అనియే అడుగుదురు. విన్నవానికి మరల నడుగు అవకాశ ముండెనా అనునది అంతకంటె ముఖ్యమైన విషయము.

లిడియా రాజైన క్రీససు పారసీకులపై దండెత్తబోవుచు, గ్రీసుదేశమందలి డెల్ఫీ దేవాలయమున ప్రశ్న యడిగించెను. యుద్ధము చేసినచో నొక మహాసామ్రాజ్యము కూలునని ఉత్తరము వచ్చెను. క్రీ.పూ. 546 ప్రాంతమున కూలినది అతని రాజ్యమే. ఏ సామ్రాజ్యమని తిరిగి అడుగకపోవుట అతని దోషమేయని ఆలయమువారు సమాధాన మిచ్చినట్లు హెరొడోటసు వ్రాసెను.

మన కోనసీమలో గ్రామదేవతల జాతరలయందు ఈ రెండవ ప్రశ్నకే ప్రాధాన్యము. గణాచారి పూనకమున పలికిన మొదటి మాటతో జనులు తృప్తి చెందరు. లోపమేమి, తీర్చుట యెట్లు అని తల్లిని మరల మరల నడుగుదురు. అర్థము సంభాషణమున తేలును.

వీరబ్రహ్మేంద్రస్వామి పేర ప్రచారమందున్న కాలజ్ఞానమున కీ సౌకర్యము లేదు. గ్రంథము మారుపలుకదు. కావున ప్రతితరమువారును తమకాలపు సంఘటనలను అందు చూచుకొందురు. ప్రతులలో పాఠభేదములును పెక్కు. ఏ వాక్యము ఏనాటి ప్రతిలో నున్నదో నిర్ణయింపక ఫలసిద్ధిని చర్చించు పరిశోధకుడు క్రీససు చేసిన పొరపాటునే చేయుచున్నాడు.