లినక్స్‌పై ఆటలు, తెలుగు దస్త్రాలు: అనుకూలతపై ఒక విమర్శ

1. ఉపోద్ఘాతం

పుంగనూరు ప్రాంతపు పల్లెల్లో పులిజూదం ఆడే పద్ధతిని, ఆ ఆటలో వినిపించే మాటలను నా పరిశోధనకాలంలో సేకరించాను. 2014లో ఆ అధ్యాయాన్ని మదనపల్లెలోని ఒక డీటీపీ కేంద్రంలో టైపు చేయించాను. ముద్రితప్రతి చక్కగానే వచ్చింది. ఇటీవల ఆ దస్త్రాన్ని లినక్స్ ఉన్న కంప్యూటరులో తెరవబోగా తెరుచుకోలేదు. అందులోని పాఠాన్ని వేరుచేసి చూస్తే తెలుగుకు బదులు రోమన్ అక్షరాలు, విరామచిహ్నాలు కలగలిసిన వరుసలు కనిపించాయి. అదే కంప్యూటరులో ఒక విద్యార్థి విండోస్ కోసం తయారైన ఆటను ఏ ఇబ్బందీ లేకుండా ఆడుతున్నాడు. పరాయి వ్యవస్థకోసం చేసిన ఆట నడుస్తుండగా, పదేళ్లనాటి తెలుగు రచన ఎందుకు చదవడానికి రాకుండా పోయింది? ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆట నడవడానికి కావలసిన అనుకూలత వేరు, రచన నిలవడానికి కావలసిన అనుకూలత వేరు అన్నది ఇందులోని ప్రతిపాదన.

2. అనుకూలతా పొర: దుబాసీ పాత్ర

విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌పై నడిపించే వైన్ ప్రాజెక్టు 1993లో మొదలైంది. ప్రోగ్రాము విండోస్‌ను కోరే ప్రతి పనినీ వైన్ మధ్యలో అందుకొని, లినక్స్‌కు తెలిసిన పిలుపుగా మార్చి అందిస్తుంది. వాల్వ్ సంస్థ 2018 ఆగస్టులో విడుదల చేసిన ప్రోటాన్‌కు వైన్ ఆధారం. డైరెక్ట్‌ఎక్స్ పద్ధతిలో వచ్చే చిత్రణ ఆదేశాలను వల్కన్ పద్ధతిలోకి మార్చే భాగాలు కూడా అందులో ఉన్నాయి. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి ఆటయంత్రం లినక్స్‌పై పనిచేస్తూనే విండోస్ ఆటలను నడపగలగడానికి ఈ పొరే కారణం.

ఇది దుబాసీ చేసే పని. దుబాసీ ఎంత సమర్థుడైనా అవతలివారు మాట్లాడటానికి ఒప్పుకోవాలి. మోసాలను అరికట్టడానికి కొన్ని ఆటలు వ్యవస్థ లోతుల్లోకి చొచ్చుకుపోయే కాపలా ప్రోగ్రాములను వాడతాయి. ‘వాలొరాంట్’ వంటి ఆట లినక్స్‌పై నడవకపోవడానికి అదే కారణం. అక్కడ నిర్మాత అనుమతి లేనిదే ఏ అనువాదమూ సాగదు.

3. స్వతంత్రరూపం అన్నివేళలా మేలా?

లినక్స్ కోసమే ప్రత్యేకంగా తయారుచేసిన ఆటను స్వతంత్రరూపం అనవచ్చు. మధ్యవర్తి అక్కరలేదు కనుక ఇదే ఉత్తమమని మొదట అనిపిస్తుంది. అనుభవం మాత్రం అంత సూటిగా లేదు. లినక్స్ పంపిణీల్లోని సహాయక గ్రంథాలయాలు తరచుగా మారుతుంటాయి. పాత గ్రంథాలయాలపై ఆధారపడిన కొన్ని స్వతంత్రరూపాలు కొత్త పంపిణీలో మొరాయిస్తాయి. అదే ఆట విండోస్ రూపం ప్రోటాన్ ద్వారా నడుస్తున్న సందర్భాలు ఆటగాళ్లకు తెలిసినవే. కాబట్టి ‘సొంతది’ అన్న పేరు ఒక్కటే మన్నికకు హామీ కాదు.

పులిజూదం ఇక్కడ మంచి కొలమానం. ఎక్కువగా కనిపించే రూపంలో 3 పులులు, 15 మేకలు, 23 కూడళ్లు ఉంటాయి. గుడి అరుగు మీద చెక్కినా, సుద్దముక్కతో నేలమీద గీసినా ఆట అదే. పులులకు చింతగింజలు, మేకలకు గులకరాళ్లు చాలు. ఆట నియమాలు అందరికీ తెలిసినవి కావడంతో బండ మారినా ఆట ఆగలేదు. మన్నికకు మూలం నియమాలు బహిరంగంగా ఉండటమే.

4. తెలుగు దస్త్రం: కనిపించడం, ఉండటం

ఈ కొలమానంతో నా దస్త్రాన్ని చూశాను. ఒకప్పుడు డీటీపీ కేంద్రాల్లో విస్తృతంగా వాడిన పేజ్‌మేకర్ చివరి సంస్కరణ 7.0 2001లో వచ్చింది. దానికి లినక్స్ రూపం లేదు. వైన్ సాయంతో పాత ప్రోగ్రామును నడిపి, పాత ఫాంటును చేర్చగా పుట యథాతథంగా కనిపించింది. ఆట విషయంలోనైతే ఇక్కడితో పని పూర్తయినట్లే. కానీ ‘మేక’ అనే మాటకోసం వెతికితే ఒక్క ఫలితమూ రాలేదు, ఆ అధ్యాయమంతా మేకల గురించే అయినప్పటికీ.

ఆ తరం ఫాంట్లలో తలకట్టు, గుడి, ఒత్తు వంటి ముక్కలను రోమన్ అక్షరాల స్థానాల్లో అమర్చారు. కంటికి తెలుగు కనిపిస్తుంది. దస్త్రంలో తెలుగు ఉండదు. యూనికోడ్‌లో ‘క్ర’ అంటే క, పొల్లు, ర అనే మూడు సంకేతాలు. దాన్ని ఏ ఆకారంలో చూపాలన్నది ఫాంటు పని. అక్కడ పాఠం వేరు, రూపం వేరు. పాత పద్ధతిలో రూపమే పాఠం కావడంతో ఫాంటు పోతే పాఠమూ పోతుంది. అనుకూలతా పొర ప్రోగ్రామును బతికించగలదు గాని, లేని తెలుగును దస్త్రంలోకి తేలేదు.

5. మార్పిడి ఒక పరిష్కరణ

ఆ దస్త్రాన్ని మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి తెచ్చాను. ఒత్తులు కొన్ని పక్క అక్షరానికి అంటుకున్నాయి. వాటిని దిద్దడానికి సాయపడిన మిత్రుడు మంచి ఉద్దేశంతోనే ఒక వృద్ధురాలి మాట ‘పులి యాడికి పోతాదో చూడు’ను ‘పులి ఎక్కడికి పోతుందో చూడు’గా సవరించాడు. యంత్రం చెరిపిన ఒత్తును చదువరి గుర్తుపడతాడు. మనిషి చెరిపిన మాండలికాన్ని ఎవరూ గుర్తుపట్టరు, వాక్యం శుద్ధంగానే ఉంటుంది కనుక. ఆ వృద్ధురాలు ఇప్పుడు లేరు. ముద్రితప్రతి దగ్గర ఉండటంవల్లనే ఆమె మాటను తిరిగి నిలపగలిగాను.

సి.పి.బ్రౌన్ పండితులచేత ప్రతులను సరిపోల్చి పాఠాలను నిర్ణయింపజేసిన పద్ధతి మనకు తెలిసినదే. నేటి దస్త్రాల మార్పిడికీ అదే క్రమశిక్షణ అవసరం. దీన్ని సాంకేతికుల పనిగా భావించి తెలుగు శాఖలు తప్పుకోవడం సరికాదు.

6. కుప్పం నేర్పే పాఠం

మూడు రాష్ట్రాల సరిహద్దులోని కుప్పంలో ఈ సమస్య మూడింతలవుతుంది. అక్కడి వాడుకలో తెలుగు, తమిళం, కన్నడం కలిసి నడుస్తాయి. మూడు లిపుల్లో రాసుకున్న క్షేత్రపర్యటన వివరాలను పాత ఫాంట్లలో దాచితే మూడూ అవే రోమన్ స్థానాలను ఆక్రమిస్తాయి. ఫాంటు సమాచారం జారిపోయిన మరుక్షణం ఏది ఏ భాషో తేలదు. యూనికోడ్‌లో ఒక్కో లిపికి 128 స్థానాల వేరువేరు గడి ఉంది. తమిళం తరువాత తెలుగు, తెలుగు తరువాత కన్నడం. ద్రావిడ భాషల అధ్యయనానికై 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిన చోట, మూడు లిపుల పాఠాలను ఈ విధంగా పక్కపక్కనే భద్రపరచే కృషికి తగిన భూమిక ఉంది.

7. ముగింపు

ప్రోటాన్ సాధించినది చిన్న విజయం కాదు. అయితే ఆట నడిచిందా లేదా అన్నదే అక్కడ గీటురాయి. పరిశోధనకు ఆ గీటురాయి చాలదు. పాఠాన్ని వెతకగలమా, మరొక ప్రతితో సరిపోల్చగలమా, తయారుచేసిన ప్రోగ్రాము లేకుండా చదవగలమా అన్నవి ఇక్కడి ప్రశ్నలు. కావున సిద్ధాంతగ్రంథాలను సమర్పించేటప్పుడు ముద్రణకు సిద్ధమైన పుటలతోపాటు యూనికోడ్ పాఠాన్నీ తప్పనిసరి చేయాలి. పాత దస్త్రాలను మార్చినప్పుడు మూలదస్త్రాన్ని, ముద్రితప్రతిని కూడా భద్రపరచాలి. మాండలిక భాగాలను ముద్రితప్రతితో అక్షరాక్షరం సరిచూడాలి. పాత దస్త్రాలను టైపు చేయించిన పరిశోధకులు, ముద్రితప్రతులు అందుబాటులో ఉండగానే ఈ పని మొదలుకావాలి.